ఊకొట్టత్త, ఊరంత వల

రాబోయే సమావేశంలో కౌన్సిల్ ముందుకు వచ్చే విషయాలను ఆ ఊళ్లో కాగితం మీద అంటించరు. భవనం ముందున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తారు. సముద్రపు గాలికి పొద్దున అంటించిన కాగితం సాయంత్రానికి తడిసి వేలాడుతుంది మరి. సుద్దరాత మాత్రం నిలుస్తుందా అంటే అదీ లేదు. తేమకు చెమర్చి అక్షరాల కాళ్లు కిందికి జారతాయి. గుమాస్తా రోజూ పొద్దున్నే వచ్చి ఆ జారిన కాళ్లను సరిచేసి పోతుంటాడు.

కొత్త ఊరు వెళ్తే కోటలూ స్తంభాలూ చూడమంటారు పెద్దలు. నేను ఇలాంటి బల్లలు చదువుతాను. ఊరు దేనికి ఏడుస్తోందో, దేన్ని చూసి మురుస్తోందో అక్కడ రెండు పంక్తుల్లో తెలిసిపోతుంది. ఒక ఊళ్లో వరసగా కుక్కల గురించే రాసి ఉండేది. మనుషులకు కష్టాలు లేవు కాబోలనుకుని అక్కడ ఎక్కువ కాలం ఉండలేకపోయాను. ఈ రేవు ఊళ్లో మాత్రం కౌన్సిల్ భవనానికి ఎదురుగా, తాళ్లూ లంగర్లూ అమ్మే దుకాణం మేడగదిలో దిగి, కదలడం మరిచిపోయాను. కిటికీ తీస్తే బల్ల ఎదురుగా కనిపించేది.

ఒక ఉదయం దాని ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించి ఉంది. వేళ్ల మధ్య సన్నటి వలసూది, పెన్సిలు పట్టుకున్నట్టుగా. నేను మెట్లు దిగి రాగానే, "కాస్త చదివి పెడతారా బాబూ? కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయాను" అంది. ఆమెకు కళ్లద్దాలు అనేవి ఎన్నడూ లేవని తరవాత తెలిసింది.

చదివాను. మొదటి విషయం: రేవు పక్కన వలలు ఆరవేసే ఇసుకనేలను చదును చేసి బళ్లు నిలిపే చోటుగా మార్చడం, వలలకు బదులుగా కౌన్సిల్ భవనం వెనకనున్న ఆవరణ ఇవ్వడం. రెండో విషయం: కొండవీధికి మంచినీటి గొట్టం వేయడం.

ఆమె తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని వింది. అలా వినేవాళ్లను నేను చాలా తక్కువగా చూశాను. మామూలుగా మనం వింటున్నప్పుడు లోపల జవాబు వండుకుంటూ ఉంటాం. ఆమె లోపల పొయ్యి వెలగలేదు.

"ఇంకోసారి" అంది. మళ్లీ చదివాను.

"విన్నాను" అని చెప్పి, ఇసుకవైపు వెళ్లిపోయింది. ఆ ఇసుక మీదే ఆమె బతుకంతా గడిచిందని అప్పటికి నాకు తెలియదు.

తాళ్ల దుకాణం యజమాని నవ్వాడు. "ఆవిడెవరనుకున్నారు? మా ఊకొట్టత్త. ఆవిడ ఊ అనకపోతే ఈ ఊళ్లో ఏ తీర్మానమూ చెల్లదు."

అది నిజమే. ఆ ఊళ్లో పాత నియమం ఒకటుంది. పూర్వం ఎప్పుడో కౌన్సిల్ తలుపులు మూసుకుని అలల ముందు ఒక రోడ్డు వేసింది. సముద్రం దాన్ని ఒక్క వానాకాలంలో మింగేసింది. ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పేవాళ్లు బయట ఉండిపోయారు. అప్పటినుంచి లోపలి మాట బయటికి తెలిసేలా సభలో ఒక వినే మనిషి కూర్చోవాలని రాసుకున్నారు. ఏడాదికి ఒక పేట వంతు. ఆ మనిషికి ఓటు లేదు, మాట్లాడే హక్కూ లేదు. తీర్మానం అయ్యాక చైర్మన్ ఆ మనిషి వైపు తిరిగి "విన్నారా?" అంటాడు. "విన్నాను" అంటే తీర్మానం నిలబడుతుంది. "వినలేదు" అంటే మళ్లీ చదవాలి. విన్నాననే వరకూ తరవాతి విషయంలోకి పోకూడదు. అంతే. రాజుల కొలువుల్లో చెప్పేవాళ్లకు పదవులున్న సంగతి నేను బోలెడు చదివాను. వినేవాళ్లకు కుర్చీ వేసిన ఊరు ఇదొక్కటే చూశాను.

ఆ ఏడాది వంతు రేవుపేటది. పేటవాళ్లంతా కలిసి ఈమెను పంపారు. కథ చెబుతుంటే ఊకొట్టడం తప్ప ఎదురు చెప్పదని పేరు. అందుకే ఊకొట్టత్త.

ఇప్పుడు ఆ పేరే పేట మెడకు చుట్టుకుంది. పోయేది వాళ్ల ఇసుక. ఊకొట్టాల్సింది వాళ్ల అత్త.

సాయంత్రం ఇసుక మీద పంచాయితీ పెట్టారు. నేను తిరగేసిన పడవ మీద కూర్చుని చూస్తున్నాను, నన్నెవరూ పొమ్మనలేదు. అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నది సరంగు. పెద్దవలకూ దాన్ని లాగే మనుషులకూ పెద్ద. ఊకొట్టత్తకు స్వయానా మరిది. అన్న పోయాక వదినను ఇంటి పెద్దగా చూసుకున్నవాడు, అలా చూసుకుంటున్నానని రోజూ చెప్పుకునేవాడు కూడా.

"చాలా తేలిక వదినా. నువ్వు సభకు వెళ్లు. చైర్మన్ విన్నారా అంటాడు. వినలేదను. మళ్లీ చదువుతాడు. వినలేదను. సాయంత్రం గంట కొట్టేదాకా అదే మాట. సభ ముగిసిపోతుంది. మన ఇసుక మనకుంటుంది."

"చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టే" అని ఎవరో కలిపారు. నవ్వులు.

ఆమె నవ్వలేదు. "వినపడ్డది వినపడలేదని ఎట్లా అంటాను?"

"నోటితో అంటావు! చెవులతో పనేముంది?"

"కొండవీధి నీళ్ల సంగతి రెండోది కదా. మొదటిది తెమలకపోతే దాని దాకా రారు. ఈసారి తప్పితే ఇంకో ఏడాది కుండలు మోస్తారు వాళ్లు."

"మోస్తే మోశారు! నీ అక్క ఉంది కదా అక్కడ. ఏనాడైనా గుమ్మం తొక్కిందా? నువ్వు కనిపిస్తే మొహం తిప్పుకునే మనిషి కోసం మా నోట్లో మట్టి కొడతావా?"

ఆమె వలకన్ను ఒకటి వేలికి తగిలించుకుని చూస్తూ కూర్చుంది.

అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేకపోవడానికి కారణం ఆస్తి కాదు, నగ కాదు. తల్లి పోయేటప్పుడు పక్కన చెల్లెలే ఉంది. అక్క పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అయిపోయింది. "అమ్మ చివరికి ఏమంది?" అని అడిగింది. "ఏదో అంది, నేను వినలేదు" అంది చెల్లెలు. అక్క నమ్మలేదు. నా గురించే ఏదో అంది, దాచిపెడుతోంది అనుకుంది. వినలేదు అన్న ఒక్క మాట మీద ఇద్దరూ ముసలివాళ్లయిపోయారు. ఆ మాట నిజంగా అన్నప్పుడే ఇంత ఖరీదైతే, అబద్ధంగా అనడానికి ఆ మనిషికి నోరు ఎట్లా వస్తుంది? ఈ సంగతి నాకు తాళ్ల దుకాణంలో చెప్పారు. చెప్పినవాళ్లకు రెండింటికీ ముడి ఉందని తోచినట్టు లేదు.

మర్నాడు ఇంకో వింత. అక్క కొండ దిగి వచ్చింది. చేతిలో ఖాళీ బిందె ఉంది, నీళ్లకు వచ్చానని చెప్పుకోవడానికి వీలుగా. చెల్లెలికి ఎదురుగా కాకుండా, పక్కనున్న పడవకు చెబుతున్నట్టు నిలబడింది.

"ఎవరో మా నీళ్ల కోసం తమ ఇసుక వదులుకుంటారని విన్నాం. మాకేం అక్కర్లేదు. ఇన్నాళ్లు మోశాం, ఇకముందూ మోస్తాం. తరవాత ఒకరు దెప్పితే పడేవాళ్లం కాదు."

"మోకాళ్లు ఎట్లా ఉన్నాయో పడవను అడగమను" అంది చెల్లెలు, వలలోంచి తలెత్తకుండా.

"పడవకు మోకాళ్లుండవు."

"అందుకే అది కొండెక్కదు. నువ్వు ఎక్కుతున్నావు."

అక్క బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. చాలా ఏళ్ల తరవాత ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. అవీ పడవకు చెప్పినవే.

వదిన మొహం చూసి సరంగుకు సంగతి అర్థమైపోయింది. ఈవిడ వెళ్తుంది, విన్నాను అంటుంది. చెప్పి మాన్పించలేం. అప్పుడతను వాళ్ల వృత్తిలో వాడు కాకపోతే ఎవరికీ తట్టని ఎత్తు వేశాడు.

వల బాగుచేసేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. చిరుగు ఎవరు మొదలుపెడితే వాళ్లే మూయాలి, మూసేదాకా వలను వదలకూడదు. ఇది మొక్కుబడి కాదు, పని తెలిసినవాళ్ల మాట. ఒక్కో చేతికి ఒక్కో బిగువు ఉంటుంది. ఒక చిరుగులో రెండు చేతుల ముడులు పడితే బరువు ఒక పక్కకు లాగి, చేప పడ్డ రోజే అక్కడే మళ్లీ తెగుతుంది. ఒక దస్తూరీలో మొదలైన ఉత్తరం ఇంకో దస్తూరీలో ముగిస్తే మనకు ఎట్లా ఉంటుందో, వలకు అట్లా ఉంటుందన్నమాట.

సభ రోజు పొద్దున సరంగు పెద్దవల తెచ్చి ఇసుక మీద పరిపించాడు. ఒడ్డునుంచి ఊరంతా కలిసి లాగే వల అది. దాని పొడవు మాటల్లో చెబితే నమ్మరు. "రేపు తెల్లారి వేటకు వల నీళ్లలో పడాలి వదినా. ఇక్కడ చిన్న చిరుగుంది, నీ చేయి పడితే చాలు" అన్నాడు, మహా వినయంగా. ఆమె కూర్చుని మొదటి ముడి వేసింది. రెండో ముడి వేసి వల ముందుకు లాగింది. చిరుగు అంతటితో ఆగలేదు. కిందికి, ఇంకా కిందికి, మనిషి పొడవున నోరు తెరిచి ఉంది. సాయంత్రం దాకా తెమిలే పని కాదు.

ఆమె తలెత్తి మరిదిని చూసింది. అతను సముద్రం వైపు చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

"మీ అన్న కూడా ఇంత తెలివి పనులు చేసేవాడు కాదురా" అంది.

"చిరుగుంటే నేనేం చేయను వదినా?"

"వల వదలకూడదు. అంతే కదా?"

"అంతే. పెద్దలు పెట్టిన పద్ధతి."

"వల కదలకూడదని ఏ పెద్దా పెట్టలేదుగా?"

ఆమె లేచింది. చిరుగు ఉన్న భాగాన్ని భుజాన వేసుకుని కౌన్సిల్ భవనం వైపు నడక మొదలుపెట్టింది. పది అడుగులు కూడా పడకముందే వల ఆమెను వెనక్కి లాగేసింది. వలను తేల్చే బెండ్లూ, ముంచే సీసపు గుళ్లూ కలిసిన బరువు అది. పాతికమంది లాగే వలను ఒక ముసలావిడ లాగగలదా? అయినా ఆగలేదు. ముందుకు వంగి, సముద్రాన్ని కొంగుకు కట్టుకుని తీసుకుపోతున్నట్టు లాగుతోంది. పేటవాళ్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఎవరూ కదల్లేదు. సరంగు కళ్లతోనే వద్దన్నాడు.

ఆ సమయంలో కొండవీధి ఆడవాళ్లు నీళ్లకు దిగి వస్తున్నారు. ముందు అక్క. చూసి ఆగింది. బిందె ఇసుకలో దించింది.

"ఏమే, చూస్తున్నారేం? పట్టండి!" అని తన వెనకవాళ్లను కేకేసి, చెల్లెలి వెనక వల ఎత్తి భుజాన వేసుకుంది. బిందెలన్నీ వరసగా ఇసుక మీద దిగాయి. ఏళ్ల తరబడి నీళ్లు మోసి బండబారిన భుజాలు అవి. వల లేచింది.

కానీ వాళ్లకు వల మోయడం రాదు. బట్టల మూటలా పోగేసి, గుళ్లను వలకన్నుల్లోంచి ఈడ్చుకుంటూ పోతున్నారు. పేటవాళ్లు ఒక నిమిషం ఓర్చుకున్నారు. ఇంకో నిమిషం పళ్లు కొరికారు. చివరికి ఒక ముసలి వేటగాడు ఉండబట్టలేక, "అయ్యో అయ్యో, అట్లా కాదమ్మా, కన్నులు తెగిపోతాయి! గుళ్ల తాడు ఒకరు, బెండ్ల తాడు ఒకరు!" అంటూ పరుగెత్తాడు. అతని వెనక ఇంకొకడు. తిట్టుకుంటూనే వచ్చారు, తిట్టుకుంటూనే భుజం పెట్టారు. పగవాడి చేతిలో ఉన్నా సరే, పాడవుతున్న వలను చూస్తూ ఊరుకోలేరు వాళ్లు. ఆఖరున మిగిలింది సరంగు ఒక్కడే.

"నా వల!" అని అరిచి, అతనూ వచ్చి తోక పట్టుకున్నాడు.

నేను చాలా ఊరేగింపులు చూశాను. గద్దెనెక్కేవాళ్లవీ, గద్దె దిగేవాళ్లవీ. ఏనుగులు చూశాను, బాజాలు విన్నాను. ఇలాంటిది చూడలేదు. రేవు వీధి పొడవునా, గోడ నుంచి గోడ దాకా, ఎండకు తేనెరంగు తేలిన వల మనుషుల భుజాల మీద నదిలా కదిలిపోతోంది. ముందు తల దించుకుని ఒక చిన్న ముసలావిడ. నడుస్తూనే ముడి వేస్తోంది. వీధి మూల తిరిగి ఆమె కనుమరుగైనా వల ఇంకా వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. దుకాణాలవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. రోజూ ఇసుక మీద మడతల్లో చూసే వస్తువే అది. దాని పొడవు ఎంతో ఊరు ఎన్నడూ చూడలేదు.

భవనం మెట్ల దగ్గర బంట్రోతు చేతులు అడ్డం పెట్టాడు. "అత్తా, లోపలికి సామాను రాకూడదు!"

"ఇది సామాను కాదు నాయనా, పని. నా కుర్చీ ఎక్కడుందో అక్కడికి నేను రావాలి. నేనున్న చోటికి ఇది రావాలి."

బంట్రోతు నియమాలు గుర్తు చేసుకునేలోగా వల సగం మెట్లెక్కేసింది.

నేనూ ప్రేక్షకుల బెంచీల దాకా దూరాను. ఆమె తన కుర్చీలో కూర్చుని చిరుగు ఒళ్లో పరుచుకుంది. లోపలికి వచ్చిన వలను ఎక్కడో ఒక చోట పెట్టాలి కదా. బల్లల మీద, కుర్చీల వీపుల మీద, చివరికి కౌన్సిలర్ల ఒళ్లోకి చేరింది. ఒకాయన మొదట రెండు వేళ్లతో పక్కకు నెట్టాడు. తరవాత అది జారి కింద పడబోతే తనే పట్టుకున్నాడు. చైర్మన్ మెడ మీద ఒక బెండు వచ్చి కూర్చుంది. ఆయన దాన్ని తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకుని, సభ మొదలైందని ప్రకటించాడు.

మొదటి విషయం చదివాడు. ఇసుకనేల చదును. బళ్లు నిలిపే చోటు. వలలకు బదులుగా భవనం వెనక ఆవరణ.

వలసూది కదులుతున్న సవ్వడి తప్ప సభలో చప్పుడు లేదు. ఆమె తల పక్కకు వంచి వింటోంది.

"అభ్యంతరాలు ఉన్నాయా?" అన్నాడు చైర్మన్.

గుమ్మం దగ్గర నుంచి బంట్రోతు గొంతు వచ్చింది. అతనికి మాట్లాడే హక్కు లేదు, కానీ ఆదుర్దా ఉంది. "అయ్యా, లోపల పట్టడం లేదని మిగతా వలను వెనక ఆవరణలోకి మళ్లించాను. అదీ నిండిపోయింది. ఇంకా వీధిలో ఉంది. దాని తోక ఇంకా ఇసుక మీదే ఉందంటున్నారు. ఏం చేయమంటారు?"

ముందు ఎవరో నవ్వారు. తరవాత ఒక్కొక్కరే కిటికీల దగ్గరికి లేచారు. లేవడమూ తేలిక కాలేదు, ఒళ్లో ఉన్నది జాగ్రత్తగా పక్కవాడికి అందించి లేవాలి. చైర్మన్ బెండు చేతిలో పట్టుకునే లేచాడు. కింద ఆవరణ అంచుల దాకా పొంగి ఉంది. గోడ దాటి వీధి, వీధి చివర ఇసుక, ఇసుక చివర నీళ్లు. అంతా ఒకే అల్లిక. అన్ని ముడులూ ఎవరో ఒకరు ఒక్కొక్కటిగా వేసినవే.

ఇందాక ఒళ్లోంచి వల జారకుండా పట్టుకున్న కౌన్సిలర్ కిటికీలోంచి చూస్తూనే అన్నాడు. "ఆవరణ బళ్లకు సరిపోతుంది కదా. వలలకు ఇసుక ఉండనిస్తే?"

అప్పుడు అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మెట్ల మీద నుంచి జనం, వీధిలోంచి కేకలు. ఆ గోలలోనే చేతులు లేచాయి. గుమాస్తా ఏదో కొట్టేసి ఏదో రాశాడు. చైర్మన్ చదివి ఆమె వైపు తిరిగాడు.

"విన్నారా?"

ఆమె సూది ఆపింది. "వినలేదు" అంది.

వల తోక వదిలేసి గుమ్మం దాకా వచ్చిన సరంగు తల పట్టుకున్నాడు. "వదినా! ఇప్పుడు వినాలి వదినా! ఇప్పుడు విన్నానంటే మనకే మంచిది!"

"గోల చేస్తుంటే ఎట్లా వినపడుతుందిరా? మళ్లీ చదవండి బాబూ."

జనం నోళ్లు మూసుకున్నారు. చైర్మన్ మళ్లీ, నెమ్మదిగా చదివాడు. వలలు ఆరే ఇసుక అట్లాగే ఉంటుంది. బళ్లకు ఆవరణ. ఆమె కళ్లు మూసుకుని చివరి మాట దాకా వింది.

"విన్నాను."

రెండో విషయం చదివారు. కొండవీధికి నీళ్లు. దానికి ఆమె ఒక్కసారికే విన్నానంది.

సభ అయిపోయినా ఆమె లేవలేదు. చిరుగు మూతపడలేదు కదా. కౌన్సిలర్లు కూడా వెళ్లలేకపోయారు, ఒళ్లో వల ఉంది కాబట్టి. కిటికీల్లో ఎండ వాలేదాకా కూర్చుని ఆ ముడులు పడటం చూశారు. మధ్యలో నేను దగ్గరికి వెళ్లి అడిగాను. "ఇదంతా అనుకునే తెచ్చావా అత్తా, వాళ్లకు చూపించడానికి?"

"చూపించడానికా? చిరుగు మూయాలి, సభకు రావాలి. రెండు పనులు, మనిషిని ఒక్కదాన్ని. ఏం చేయను?"

"ఇసుక తీసుకుంటామనే తీర్మానించి ఉంటే ఏమనేదానివి?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "విన్నాననేదాన్ని. వినపడేది కదా."

అంత చిన్న మాట ముందు నేను చదివినవన్నీ చిన్నబోయి కూర్చున్నాయి. తన చోటు పోతుందని తెలిసీ ఆ మాట అనడానికే వచ్చింది. అంత బరువు లాగి వచ్చింది.

చివరి ముడి బిగించి, దారం పంటితో కొరికి, లేచింది. వల మళ్లీ భుజాలకెక్కింది. ఈసారి ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. కొండవీధి ఆడవాళ్లకు గుళ్ల తాడు పట్టుకోవడం వచ్చేసింది. ఇసుక మీద వాళ్ల బిందెలు అట్లాగే ఉన్నాయి.

అక్కాచెల్లెళ్లు ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. మధ్యలో పడవ లేదు, వల ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది.

"అందరూ విన్నాననమని మొత్తుకుంటుంటే వినలేదన్నావే" అంది అక్క.

"వినలేదు మరి."

అక్క వలను భుజం మీద సర్దుకుంది. ఇసుక మొదలయ్యే చోట అడుగు మార్చుకుంటూ అడిగింది. "ఆ రోజు అమ్మ మాట... నీకు నిజంగానే వినపడలేదా?"

"లేదక్కా. చెవి పెట్టి విన్నాను. వినపడలేదు."

"సరే" అంది అక్క. "నీ వైపు జారుతోంది చూడు. పైకి పట్టు."

చెల్లెలు పైకి పట్టింది. ఇద్దరూ కలిసి వలను దాని ఇసుక మీదికి దించారు.